విడిగా ఉతకాల్సిన మూట

కోతమిల్లు,
సోమవారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఒక పేజీ మీ హాస్పిటల్ లాండ్రీలో బాయిలరు మొరాయించడం గురించి. ఇంకో ముప్పావు పేజీ బావ మోకాలి గురించి. ఆఖర్న, సంతకం పైన మిగిలిన బెత్తెడు జాగాలో, చీమలు బారు కట్టినట్టు ఒకే ఒక్క లైను: "డాక్టరమ్మ గర్భసంచి మూతి దగ్గర కొంచెం కోసి తీసేయాలంది, చూద్దాం."

ఏం చూస్తావు? అదేమన్నా సినిమానా?

బావ మోకాలికి ముప్పావు పేజీ ఇచ్చినదానివి నీ ఒంటికి ఒక్క లైను ఇస్తావా? ఆ మోకాలి సంగతి నాకు పదేళ్ల నుంచీ తెలుసు. వాన వస్తే నొప్పి, రాకపోతే వస్తుందేమోనని నొప్పి.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేసి ఏం లాభం? ముప్పయ్యేళ్లు రంపం పక్కన నిలబడ్డ చెవులు నావి. నువ్వు మామూలుగా చెబితే నాకు వినబడదు. నాకు వినబడేలా చెబితే మీ వీధి చివరింటికి కూడా గర్భసంచి సంగతి తెలిసిపోతుంది. కాబట్టి కాగితం మీదే తగలడదాం. బడిలో లాగా ప్రశ్నలు ఇస్తున్నా, జవాబులు రాయి. ఏం తీస్తారు? ఎందుకు తీస్తారు? ఎప్పుడు తీస్తారు? బాయిలరు గురించి ఒక్క ముక్క రాసినా మార్కులు కోసేస్తా.

నీ తమ్ముడు


లాండ్రీ, కింది అంతస్తు,
గురువారం

ఒరేయ్ చెవిటి మేళం,

ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి మిల్లులో చేరినవాడివి, పది దాకా చదివిన అక్కకి మార్కులు వేస్తావా? కాలం అలా వచ్చింది.

సరే, రాస్తున్నా. ఇక్కడ పనిచేసే ఆడవాళ్లందరికీ వరసబెట్టి పరీక్ష చేశారు. నాది బాలేదని మళ్లీ పిలిచారు. భూతద్దం లాంటి మెషీన్‌తో లోపల చూసి, బియ్యపు గింజంత ముక్క తీసి పంపారు. క్యాన్సర్ కాదు. ఆ "కాదు" అనే మాట డాక్టరమ్మ చేత రెండుసార్లు చెప్పించుకున్నా. కానీ అలాగే వదిలేస్తే కొన్నేళ్లకి అవ్వచ్చట. అవ్వకముందే ఆ చెడ్డ పొర తీసేస్తే పీడ వదులుతుందట. అక్కడి మటుకే మత్తిచ్చి, కరెంటుతో వేడెక్కే సన్నటి తీగ ఉచ్చుతో గీసి తీస్తారట. పావుగంట పని. సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు.

ఇక ఎప్పుడు అంటే, అదే చూద్దామన్నా. ఇప్పుడు కుదరదు. కొత్త ఇస్త్రీ మెషీన్ వస్తోంది, దాని పక్కన నేను లేకపోతే మా వాళ్లు దుప్పట్లతో పాటు చేతులు కూడా ఇస్త్రీ చేసుకుంటారు. నా కింద చేసే చిన్నది సెలవులో ఉంది. బాయిలరు సంగతి రాయనులే, మార్కులు పోతాయి.

మీ బావకి పన్ను పీకించుకోవాలని చెప్పా. అప్పటినుంచీ పొద్దున్నే టార్చిలైటు తెచ్చి "ఏ పన్నే? ఏదీ నోరు తెరువు?" అంటున్నాడు. ముప్పైరెండూ రాళ్లలా ఉన్నాయి. ఏది చూపించను?

మీ అక్క


కోతమిల్లు,
మళ్లీ సోమవారం

అక్కా,

ఇవాళ్టి నుంచి నీ సాకులకి నంబర్లు వేస్తున్నా. మిల్లులో దుంగలకి సుద్దతో వేసినట్టు. ఒకటి, బాయిలరు. రెండు, ఇస్త్రీ మెషీన్. మూడు, చిన్నదాని సెలవు. నాలుగు, బావ మోకాలు. దాన్ని నువ్వు పైకి చెప్పలేదు గానీ చెప్పబోతావు, నాకు తెలుసు, అందుకే ముందే నంబరు వేసి పక్కన పెట్టా.

పావుగంట పని అని నువ్వే రాశావు. బావకి పన్ను గురించి అబద్ధం చెప్పడానికి అంతకంటే ఎక్కువ టైము పట్టి ఉంటుంది.

ఒక మాట అడుగుతా, కోప్పడకు. పిన్ని గుర్తుందా? రెండేళ్లు జబ్బుని చెంగులో దాచుకుంది. అడిగినవాళ్లకల్లా "ఆడవాళ్ల తిప్పలు, నీకెందుకురా" అంది. ఆఖరికి మంచాన పడ్డాక బట్టలు మార్చింది నువ్వే. నన్ను గదిలోకి రానివ్వలేదు. గుమ్మం బయట కూర్చుని వాసన పట్టకుండా నోటితో ఊపిరి తీసుకున్నా. ఆవిడకి ఇలా ముందే పిలిచి, ఇదిగో ఇక్కడుంది, పావుగంట పడుకో అని చెప్పే డాక్టరు లేదు. నీకుంది. అదీ నీ పని గదికి రెండంతస్తుల పైన. మెట్లెక్కితే చాలు!

అయినా నువ్వు నిమ్మకి నీరెత్తినట్టు ఇస్త్రీ మెషీన్ గురించి రాస్తున్నావు. నువ్వు భయస్తురాలివి కావు. చిన్నప్పుడు నా కాల్లో మేకు దిగితే నాకంటే ముందు ఏడవాల్సిన వయసులో కూర్చుని పీకావు. కాబట్టి ఇది భయం కాదు. ఇంకేదో ఉంది. సాకులు ఆపి అసలు సంగతి రాయి. లేకపోతే మీ మరదల్ని తీసుకుని వచ్చేస్తా. ఆవిడ వస్తే ఏమవుతుందో నీకు తెలుసు. నీ వంటింట్లో డబ్బాలన్నీ తిరగేసి సర్దుతుంది.

నీ తమ్ముడు


ఇంటి దగ్గర,
ఆదివారం

తమ్ముడూ,

పిన్ని సంగతి ఎత్తకుండా ఉంటే బాగుండేది. ఎత్తావు కాబట్టి రాస్తున్నా. చదివి చించెయ్. మరదలికి కూడా చెప్పకు.

మా లాండ్రీకి పైనుంచి ఒక గొట్టం ఉంటుంది. ఆపరేషన్ గదిలో వాడిన దుప్పట్లూ, గౌన్లూ మూట కట్టి, ఎవరి మూటో చీటీ కట్టి అందులోంచి కిందికి వదులుతారు. దబ్బున పడుతుంది. నేనూ, నా కింద చేసే ఆరుగురూ చుట్టూ చేరి విప్పుతాం. లెక్క చూడాలి కదా, ఒక్కోసారి కత్తెరలు కూడా వచ్చేస్తాయి. విప్పితే తెలిసిపోతుందిరా, ఎవరికి ఎక్కడ ఏం చేశారో. తెలిసినవాళ్లదైతే ఇక మా నోళ్లకి పండగే.

అందరికంటే పెద్ద నోరు నాదే. పోయినేడు మా స్టోర్సు ఆఫీసరుకి మొలలకి ఆపరేషన్ అయింది. మూట విప్పి నేనే అన్నా, "అయ్యగారు ఇక నెల రోజులు సంతకాలన్నీ నిలబడే పెడతారు" అని. ఆ మాట ఎలా పాకిందో, ఆయన కిందికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కుర్చీ లాగి "కూర్చోండి సార్" అనడం. పాపం, ఆయన మొహం ఎర్రగా అయిపోయేది. మేం బట్టల బండ్ల చాటున పడి నవ్వేవాళ్లం.

ఇప్పుడు నా మూట ఆ గొట్టంలోంచి పడుతుంది. నా పేరు చీటీతో. ఆ ఆరుగురూ విప్పుతారు. అందులోనూ ఎక్కడిది! కాలో చెయ్యో అయితే సరే. ఇరవై రెండేళ్లు వాళ్ల మీద పెద్దరికం చేసి, రేపు ఏ మొహం పెట్టుకుని "ఇది సరిగ్గా పిండలేదు" అని కసరను?

ఇదీ సంగతి. చావుకి భయపడటం లేదు, జోకుకి భయపడుతున్నా. నవ్వుకో.

మీ అక్క


కోతమిల్లు,
బుధవారం

అక్కా,

నవ్వలేదు. కొంచెం నవ్వాను. స్టోర్సు ఆఫీసరు దగ్గర.

నీ అంత తెలివైనదాన్ని నేను చూడలేదు. ఆరుగురు ఆడవాళ్లు ఒక పూట నవ్వుతారని ప్రాణం పణంగా పెడతావా? నవ్వనీ. మిల్లులో నా వెనక నన్నేమంటారో నాకు తెలీదనుకున్నావా? తెలీదు, వినబడదు. కానీ అంటారని తెలుసు. నేను బతికే ఉన్నా.

వచ్చే బుధవారానికి పేరు రాయించుకో. లేదంటే మా ఊరి హాస్పిటల్‌కి రా, ఇక్కడి మూటలు నిన్ను ఎరగవు. రెండింట్లో ఏదో ఒకటి. మూడోది రాస్తే ఐదో నంబరు వేసి, ఆ పూట దొరికిన బండెక్కి నేనే వస్తా.

నీ తమ్ముడు


లాండ్రీ,
శుక్రవారం

చెవిటి మేళం,

పేరు రాయించా. ఈ బుధవారమే. మీ ఊరికి రాను, మరదలు నన్ను నెల రోజులు మంచం దిగనివ్వదు.

ఉపాయం కూడా ఆలోచించా. ఆ వారమంతా సెలవు పెట్టా, పన్ను అని రాసి. మూట సంగతి నేను చూసుకుంటా. ఎలా అని అడక్కు.

మీ అక్క


ఇంటి దగ్గర, మంచం మీద,
శనివారం

తమ్ముడూ,

అయింది. బాగానే ఉన్నా. మిగతాది చదివేటప్పుడు రంపం పక్కన నిలబడకు, ఎక్కడన్నా కూర్చో.

డాక్టరమ్మ చెప్పినట్టే పావుగంట. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంది, తర్వాత ఏమీ తెలీలేదు. ఏదో కాలిన వాసన వచ్చింది. "అది నేనేనా?" అని అడిగా. నర్సు నవ్వింది. తర్వాత పక్క గదిలో పడుకోబెట్టి చెప్పారు: నాలుగు వారాలు బరువు ఎత్తకూడదు, కొంచెం మరక కనిపిస్తే కంగారు పడకు, ఎక్కువైతే వెంటనే రా. అన్నిటికీ తలూపా.

తలూపుతూ గది మూల చూస్తున్నా. అక్కడ నా మూట ఉంది. చీటీ కట్టేశారు. ఇంకో పది నిమిషాల్లో గొట్టంలో వేసేస్తారు. నర్సు అటు తిరగ్గానే లేచా. మూట చంకన పెట్టుకుని వెనక మెట్ల మీదుగా దిగా. నా ఉపాయం అదే, ఇంటికి తీసుకుపోయి నేనే ఉతికి, సోమవారం శుభ్రమైన వాటిలో కలిపేద్దామని. మూట తడిసి ఉందిరా, అనుకున్నదానికంటే రెట్టింపు బరువు.

ఒక అంతస్తు దిగేసరికి కాళ్ల వెంట వెచ్చగా కారింది. ఆ తర్వాత మెట్టు మీద కూర్చుండిపోయా. లేవలేను. కేక వేస్తే దగ్గర్లో ఎవరుంటారు? మా లాండ్రీ వాళ్లే.

ఆరుగురూ వచ్చారు. ఉతికిన దుప్పట్లు తోసే బండి మీద నన్ను ఎక్కించి, చిన్నది ముందు నుంచి లాగుతుంటే మిగతా ఐదుగురూ తోసుకుంటూ, సరుకుల లిఫ్టులో పైకి పరుగు. డాక్టరమ్మ మళ్లీ చూసి, మందు పూసి, లోపల గుడ్డ కుక్కి రక్తం ఆపింది. ఆ రాత్రికి ఉంచేసింది; మీ బావకి పన్ను వాచిందని కబురు పంపా. ఆవిడ తిట్టిన తిట్లు రాయను, నువ్వు నేర్చుకుంటావు.

ఇంకా ఉంది. వాళ్లకి ముందే తెలుసట! మర్నాటి ఆపరేషన్ల లిస్టు మంగళవారం సాయంత్రం లాండ్రీకి వస్తుంది, ఎన్ని దుప్పట్ల సెట్లు కట్టాలో చూసుకోవడానికి. రోజూ అది నా చేతికే వస్తుంది. నేను సెలవు పెట్టా కాబట్టి చిన్నదాని చేతికి వెళ్లింది. ఇరవై రెండేళ్ల సర్వీసు, నాకు ఈ మాత్రం తట్టలేదు. దాచుకుందామని పెట్టిన సెలవే నన్ను పట్టించింది.

నా సెట్టు వాళ్లే కట్టారట. పాతబడి మెత్తబడ్డ దుప్పట్లు ఏరి, అతుకు లేనివి. నేనే నేర్పా వాళ్లకి, ఒళ్లు నొప్పిగా ఉండేవాళ్లకి కొత్తవి వెయ్యకండే, గరుకుగా ఉంటాయి అని.

ఒక్కత్తి కూడా జోకు వెయ్యలేదురా. చిన్నది నా చెప్పులు పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. అప్పుడు వేసింది నాకు భయం. వాళ్లు నవ్వకపోతే సంగతి పెద్దదే అన్నమాట కదా.

తీసిన ముక్క పరీక్షకి వెళ్లింది. మూడు వారాలు.

మీ అక్క


కోతమిల్లు,
మంగళవారం

అక్కా,

దుంగ మీద కూర్చునే చదివా. మేస్త్రీ వచ్చి ఏదో అన్నాడు, పెదాలు కదలడం చూశా, తలూపా. ఏం ఒప్పుకున్నానో సాయంత్రం తెలుస్తుంది.

ఇక తిట్టనా?

బరువు ఎత్తకూడదు అని చెప్పిన నోరు మూయకముందే మూట ఎత్తినదాన్ని నిన్నే చూశా. పన్ను పీకించుకున్నావని నమ్మిన ఆ అమాయకుడికి నిజం తెలిస్తే కనీసం బకెట్లన్నా మోసేవాడు కదా! అక్కా, ఆ మూట గొట్టంలో పడి ఉంటే ఏమయ్యేది? దబ్బున చప్పుడు. అంతే. దాన్ని తప్పించడానికి నువ్వే మూటలా బండెక్కి, ఆరుగురి మధ్య ఊరేగావు. స్టోర్సు ఆఫీసరు చూశాడా లేదా? చూసి ఉంటే ఆయన బాకీ తీరిపోయింది.

ఇదంతా కోపంతో రాస్తున్నా. కోపంతోనే.

బకెట్టు ఎత్తకు. బిందె ఎత్తకు. బావ మోకాలు కూడా ఎత్తకు. రిపోర్టు రాగానే రాయి.

నీ తమ్ముడు


ఇంటి దగ్గర,
సోమవారం

తమ్ముడూ,

దీంతో పాటు ఇంకో కవరు ఉంది. అదే రిపోర్టు. వచ్చి పన్నెండు రోజులైంది. చీరల కింద పెట్టా. రోజూ చీర తీసేటప్పుడు కనిపిస్తుంది, రోజూ పైచీరే కట్టుకుంటున్నా. డాక్టరమ్మ రమ్మని రెండుసార్లు కబురు పెట్టింది. లాండ్రీ చిన్నది వచ్చి చదువుతానంది, వద్దన్నా.

తిట్టదలచుకుంటే చదివాక తిట్టు. నేను తెరవలేకపోతున్నా. పిన్నిది ఎవరూ రాసి చూపించలేదు కాబట్టి ఆవిడ చివరిదాకా ఏదో ఒకటి అనుకుంటూ బతికింది. నాది కాగితం మీద ఉంది. తెరిస్తే ఇక అనుకోవడానికి ఏమీ ఉండదు.

నువ్వు తెరిచి, ఏముందో అలాగే రాయి. తగ్గించకు. జోకు వెయ్యకు.

మీ అక్క


కోతమిల్లు,
శుక్రవారం

అక్కా,

ముందు సంగతి, తర్వాత తిట్లు. క్యాన్సర్ లేదు. ఇంతకుముందు చెప్పిన చెడ్డ పొరే ఉంది, అదంతా ఆ ముక్కలోనే వచ్చేసింది. అంచుల చుట్టూ చూశారట, ఎక్కడా మిగల్లేదు. ఆరు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. జోకు వెయ్యలేదు. తగ్గించలేదు.

ఇప్పుడు జరిగింది రాస్తా. కవరు తెరిచా గానీ అంతా ఇంగ్లీషు. నాకు తెలిసినవి నీ పేరు, తారీఖు. ఆ రెండూ సరిగానే ఉన్నాయి. మా వీధిలో నర్సమ్మ ఉంది కదా, ఆవిడ దగ్గరికి పరుగెత్తా. గుమ్మంలోనే నిలబడి చదివింది. రెండుసార్లు చదివించుకున్నా, ఒకసారి చెవికి, ఒకసారి పెదాలు చూసే కళ్లకి. అప్పుడు మీ మరదలు ఎదురుగా మా వాకిట్లో నిలబడి ఉంది. దానికి చెప్పా.

అక్కా, నాకు చెవుడు కదా. నేనెంత గట్టిగా మాట్లాడతానో నాకు తెలీదు.

మామూలుగా చెప్పాననుకున్నా. "మా అక్క గర్భసంచి మూతి శుభ్రంగా ఉందటే!" అని. మంగలి కత్తెర ఆపాడు. సైకిలు షాపాయన బయటికొచ్చాడు. మేడ మీద బట్టలు ఆరేస్తున్న ముసలావిడ వంగి "ఎవరిదీ?" అంది. మీ మరదలు రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను మళ్లీ చెప్పా, ఎందుకంటే దానికి వినబడలేదేమో అనుకున్నా.

నువ్వు ఆరుగురికి తెలియకూడదని ప్రాణం మీదికి తెచ్చుకున్నావు. నేను వీధికంతటికీ చెప్పేశా. నా చెవుడనే సాకుకి కూడా నంబరు వెయ్యి, తీసుకుంటా.

ఇంకోటి. ఇంట్లోకి వెళ్లాక మీ మరదలు పలక తీసి రాసి చూపించింది, నాకు వినబడాల్సినవి అలాగే చెబుతుంది. "అక్కకి ఇన్ని ఉత్తరాలు రాశారు. నేను ఎప్పుడన్నా ఆ పరీక్ష చేయించుకున్నానా అని ఒక్కసారి అడిగారా?"

అడగలేదు అక్కా. ఇన్ని నంబర్లు వేసినవాణ్ణి. ఇంట్లో దుంగకి సుద్ద పెట్టలేదు.

పొద్దున్న నర్సమ్మ వెంట వెళ్లింది. ముసలావిడ కోడలూ, మంగలి భార్యా కూడా వెళ్లారు. నేను బయట బల్ల మీద కూర్చున్నా. మాట్లాడొద్దని నలుగురూ వేలు చూపించి మరీ చెప్పి లోపలికెళ్లారు.

నీ తమ్ముడు


లాండ్రీ, కింది అంతస్తు,
బుధవారం

ఒరేయ్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. మొదటి నాలుగు లైన్లు. నాలుగోసారి మిగతాది చదివా, చెప్పు కోసం వెతికా. నువ్వు దూరంగా ఉన్నావు, బతికిపోయావు.

ముక్కూ మొహం తెలియని మంగలికి తెలిశాక ఇక నా వాళ్ల దగ్గర దాచి ఏం లాభం? డాక్టరమ్మని కలిసి, తిట్లు తిని, నాలుగు వారాలూ దాటాయి కాబట్టి, పొడిగించిన సెలవు ముగించి సోమవారం పనిలోకి వెళ్లా. ఆరుగురినీ నిలబెట్టి నేనే చెప్పా, ఎక్కడ, ఏంటి, ఎందుకు, అంతా పోయింది అని. "మీలో రిపోర్టు తెచ్చుకుని తెరవనివాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని కసిరా. ఇద్దరు నేల చూశారు. వాళ్లూ చీరల కిందే పెట్టారట. డాక్టరమ్మ దగ్గరికి నేనే తోలుకెళ్లా.

వాళ్లు తలలూపి పనిలో పడ్డారు. అప్పుడు కూడా ఎవరూ ఏమీ అనలేదు. నాకు అన్నం సహించలేదు.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చా. బజారులో ముగ్గురు నన్ను చూసి నవ్వారు, ఎందుకో అర్థం కాలేదు. గుమ్మంలో మీ బావ "నీ వీపు మీద ఏంటే ఇది?" అంటూ పిన్నీసు తీశాడు. మేం బాగా నలిగిన పాత దుప్పట్లకి కడతామే, ఆ పచ్చ చీటీ. చిన్నదాని గుండ్రటి అక్షరాలు. మీ బావ కళ్లజోడు పెట్టుకుని, కోర్టులో తీర్పు చదివినట్టు చదివాడు:

"పాత సరుకు. మరక పోయింది. విడిగా ఉతకాలి. పిండరాదు. మెట్ల మీద వదలరాదు."

పొద్దుటి నుంచీ ఆ చీటీతోనే హాస్పిటలంతా తిరిగానురా. స్టోర్సు ఆఫీసరు నాకు కుర్చీ లాగి "కూర్చోండమ్మా" అన్నాడు, ఎంత మర్యాదో అనుకున్నా!

మీ బావ "పన్ను పీకించుకుంటే పిండరాదు అని ఎందుకు రాశారే?" అన్నాడు. అప్పుడు నవ్వు వచ్చింది చూడు. గుమ్మం పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వా. ఆయన టార్చిలైటు తెచ్చాడు. కూర్చోబెట్టి మొదటి నుంచీ అంతా చెప్పా. విని టార్చిలైటు ఆర్పేశాడు. తర్వాత లేచి బకెట్టు తీసుకుని నీళ్లకి వెళ్లాడు, ఆ మోకాలితోనే.

మరదలి రిపోర్టు ఎప్పుడొస్తుందో రాయి. రాగానే తెరువు. తెరిచాక నోరు మాత్రం మూసుకో, పలక మీద రాయి.

మీ అక్క